మీ నాన్నగారు నరకంలో ఉన్నారని తీర్పు చెప్పే అధికారం ఎవరికీ లేదు

మీరు రాసినదాంట్లో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మీ నాన్నగారు నిజాయితీగా బతికారు, బాప్తిస్మం తీసుకోకుండానే కన్నుమూశారు. ఆయన నరకానికే వెళ్లారని సంఘంలో ఒక పెద్దమనిషి మీ మొహం మీదే అన్నాడు. అది నిజమేనా అన్నది మొదటిది. బతుకంతా ఘోరాలు చేసి ఆఖరి ఘడియలో మారినవాడు పరలోకానికి ఎలా వెళ్తాడన్నది రెండోది. అరవై డెబ్బై ఏళ్ల బతుకులో చేసిన పాపానికి అంతులేని శిక్ష ఏం న్యాయమన్నది మూడోది. నాన్న కోసం ఇప్పుడు ప్రార్థన చేయొచ్చా అని చివర్లో ఒక్క వాక్యంలో అడిగారు. నేను చాలా ఏళ్లుగా వేదాంత పాఠాలు చెబుతున్నాను. సమాధుల దగ్గర నిలబడి మాట్లాడాల్సి వచ్చిన సందర్భాలూ తక్కువేం కాదు. తెలిసింది తెలిసినట్టు చెబుతాను, నా అభిప్రాయం ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఆ సంగతీ చెబుతాను.

ముందు ఆ పెద్దమనిషి మాట తీసుకుందాం. మిమ్మల్ని ఎక్కువ కోసింది అదే. ఆ మాట అనే అధికారం ఆయనకు లేదు. కతోలిక సంఘం కొందరిని పునీతులుగా ప్రకటిస్తుందని మీకు తెలిసే ఉంటుంది. 993లో ఆగ్స్‌బర్గ్ బిషప్ ఉల్రిక్‌ను పోపు పునీతుడిగా ప్రకటించిన నాటి నుంచి చూసినా వెయ్యేళ్ల పైమాటే. దానికి విచారణ ఉంది, సాక్ష్యాలున్నాయి, ఒక పద్ధతి ఉంది. ‘ఫలానా మనిషి నరకంలో ఉన్నాడు’ అని ప్రకటించే పద్ధతి మాత్రం ఆ సంఘం ఏనాడూ పెట్టుకోలేదు. యేసును అప్పగించిన యూదా ఇస్కరియోతు గురించి కూడా అధికారిక ప్రకటన ఏదీ లేదు. ప్రొటెస్టెంట్ల విశ్వాస ప్రకటనలు తిరగేయండి, నరకం గురించి ఉంటుంది, నరకవాసుల పట్టిక ఉండదు. ‘పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?’ అని పౌలు రోమా సంఘానికి రాసింది విశ్వాసుల మధ్య తిండి గొడవల సందర్భంలో. తిండి విషయంలోనే అంత మాట అన్నవాడు చనిపోయినవాళ్ల నిత్యత్వం గురించి తీర్పులిస్తుంటే ఊరుకుంటాడా?

నైసీయ విశ్వాస ప్రమాణం చూడండి. 325లో రూపుదిద్దుకుంది, 381 నాటికి విస్తరించింది, దాదాపు అన్ని శాఖలూ ఒప్పుకుంటాయి. సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి క్రీస్తు మళ్లీ వస్తాడని అందులో ఉంది. మృతుల పునరుత్థానం ఉంది, రాబోయే యుగపు జీవం ఉంది. నరకంలో ఏం జరుగుతుందో ఒక్క మాట లేదు. తీర్పరి ఎవరన్నదాన్ని సంఘం గట్టిగా పట్టుకుంది. శిక్ష వివరాల మీద అంత గట్టిగా మాట్లాడలేదు. నా ఉద్దేశంలో మీ ప్రశ్నలన్నిటికీ తాళంచెవి ఇక్కడే ఉంది. ఆ తీర్పరి తాను కూడా ఒక న్యాయస్థానం ముందు నిలబడ్డవాడు. ఇతనిలో నాకే తప్పూ కనబడలేదని చెబుతూనే రోమా అధిపతి పిలాతు ఆయన్ని సిలువకు అప్పగించాడు. అన్యాయపు తీర్పు రుచి తెలిసినవాడు తీర్పు పీఠం మీద కూర్చుంటాడని క్రైస్తవుల నమ్మకం.

మన మనసులో ఉన్న తీర్పు బొమ్మ మాత్రం చాలావరకు వేరే చోటి నుంచి వచ్చింది. ఫ్రాన్సులోని ఓతాన్ కేథడ్రల్ పడమటి ద్వారం మీద 12వ శతాబ్దపు శిల్పం ఒకటుంది. ఒక పక్క దేవదూత, ఇంకో పక్క దయ్యం, మధ్యలో ఆత్మను తూచే త్రాసు. దయ్యం తన వైపు తూగేలా లాగుతూ ఉంటుంది. అద్భుతమైన పనితనం. కానీ యేసు చెప్పిన తీర్పు ఉపమానాల్లో గానీ, ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలోని ధవళ సింహాసనం ముందు గానీ ఆ త్రాసు లేదు. పుణ్యం ఇంత, పాపం ఇంత అని తూచి ముల్లు ఎటు మొగ్గితే అటు పంపడం క్రైస్తవ బోధ కాదు. నరకం అనగానే ప్రసంగాల్లో వినిపించే ఇంకో మాట, యెరూషలేము దక్షిణాన ఉన్న హిన్నోము లోయలో ఎప్పుడూ చెత్త తగలబడుతూ ఉండేదని. దానికి దొరుకుతున్న ఆధారం సుమారు 1200 నాటి యూదు పండితుడు దవీదు కిమ్హి రాత, అంటే యేసు తర్వాత పన్నెండు శతాబ్దాలకు. బైబిల్ చెప్పేది అంతకంటే భయంకరం. ఆ లోయలో తల్లిదండ్రులు తమ పిల్లల్ని మోలెకు అనే దేవతకు అగ్నిలో అర్పించారు, యోషీయా రాజు ఆ స్థలాన్ని అపవిత్రపరచి ఆ పని ఆపించాడు. నరకానికి గుర్తుగా యేసు వాడుకున్నది పసిపిల్లల్ని బలిచ్చిన చోటును.

ఈ తీర్పు నమ్మకం ఎక్కడ పుట్టిందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. పాత నిబంధనలో ఎక్కువ భాగం పరలోకం, నరకం అనే విభజన లేకుండానే నడుస్తుంది. మంచివాడైనా చెడ్డవాడైనా చేరేది పాతాళానికే. అక్కడ స్తుతి లేదు, జ్ఞాపకం లేదు. ‘మృతులు లేచెదరు, కొందరు నిత్యజీవానికి, కొందరు నిత్య నిందకు’ అన్న అర్థం వచ్చే మాట స్పష్టంగా కనిపించేది దానియేలు 12:2లో. ఆ నమ్మకం అగ్నిపరీక్షకు నిలిచింది అంతియొకస్ అనే రాజు యూదుల్ని హింసించిన కాలంలో, క్రీస్తుపూర్వం 167 ప్రాంతంలో. కతోలిక, ఆర్థడాక్స్ బైబిళ్లలో ఉన్న రెండో మక్కబీయుల గ్రంథం 7వ అధ్యాయంలో ఒక తల్లి కళ్లముందే ఆమె ఏడుగురు కొడుకుల్ని ఒక్కొక్కరినే చిత్రహింస పెట్టి చంపుతారు. మూడోవాడు చేతులు చాచి, ఇవి పరలోకం నుంచి నాకు వచ్చాయి, వీటిని మళ్లీ ఆయన దగ్గరే పొందుతాను అంటాడు. ఆ చేతులు నరికారు. ఆ కథ అడిగే ప్రశ్న మీరడిగినదే: వీళ్లకు న్యాయం ఎప్పుడు? ఈ లోకంలో దొరకలేదు. దేవుడు న్యాయవంతుడైతే వాళ్లు లేవాలి, వాళ్లను నరికినవాడు జవాబు చెప్పాలి. తీర్పు దినం మీద నమ్మకం జనాన్ని భయపెట్టడానికి ఎవరో అల్లింది కాదు. నలిగిపోయినవాళ్ల గొంతులోంచి వచ్చిన అరుపు అది. ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో బలిపీఠం కింద ఉన్న హతసాక్షులు ‘ఎందాక’ అని కేకలు వేస్తారు. 96వ కీర్తనలో ప్రభువు తీర్పు తీర్చడానికి వస్తున్నాడని తెలిసి అడవి చెట్లు ఉత్సాహధ్వని చేస్తాయి. తీర్పు అంటే చెట్లు కూడా సంతోషించే సంగతి అన్న భావన మన ప్రసంగాల్లో దాదాపు అడుగంటింది.

పరలోకం గురించి ఎక్కువ చెప్పను. ఒక్క దిద్దుబాటు చాలు. బైబిల్ చివరి దృశ్యంలో మనుషులు పైకి వెళ్లిపోరు, పరిశుద్ధ పట్టణమే కిందికి దిగి వస్తుంది. దేవుడు మనుషులతో కాపురముంటాడు, కన్నీళ్లు తుడుస్తాడు. కొత్త భూమి, అందులో నీతి నివసిస్తుందని పేతురు రెండో పత్రిక. చనిపోయినవాళ్లు ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నారన్న నమ్మకం దాని ముందు వచ్చే మజిలీ మాత్రమే.

ఇక అంతులేని శిక్ష. సంఘ చరిత్రలో ఎక్కువమంది, ఎక్కువకాలం నమ్మింది దీన్నే, దాచి ప్రయోజనం లేదు. మత్తయి 25:46లో నిత్యశిక్ష, నిత్యజీవం ఒకే వాక్యంలో ఎదురెదురుగా నిలబడతాయి. జీవానికి అంతం లేకపోతే శిక్షకూ లేనట్టే కదా అని 5వ శతాబ్దం తొలినాళ్లలో సంఘ పండితుడు అగస్టీను వాదించాడు. ఆ వాదన బలమైనదే. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, శిక్షకు ఒకనాటికి ముగింపు ఉంటుందనేవాళ్లను పేరుపెట్టి ఖండించింది. మరి శిక్ష అంత పెద్దది ఎందుకంటే, అపరాధం ఎవరి పట్ల చేశామన్నదాన్ని బట్టి దాని బరువు ఉంటుంది, దేవుడు అనంతుడు కాబట్టి ఆయన పట్ల చేసిన పాపమూ అనంతమే అని మధ్యయుగపు పండితులు సమాధానం చెప్పారు. తోమా అక్వినాస్ అంతటివాడు చెప్పినా నాకీ వాదన ఎప్పుడూ రుచించలేదు. కూలివాణ్ణి కొడితే ఒక శిక్ష, దొరను కొడితే పది రెట్లు అనే సమాజపు వాసన అందులో ఉంది. బీదవాడని పక్షపాతం చూపవద్దు, గొప్పవాడని మొగ్గవద్దు అని లేవీయకాండం న్యాయాధిపతులకు చెబుతుంది. అదే గ్రంథం ఇచ్చిన దేవుడు ఆ లెక్కన తీర్పు తీరుస్తాడా?

దీనికంటే లోతైన సమాధానం ఇంకొకటుంది: శిక్ష ఆగకపోవడానికి కారణం తిరస్కారం ఆగకపోవడం. 1992 నాటి కతోలిక సత్యోపదేశం, అంటే ఆ సంఘపు అధికారిక బోధనా గ్రంథం, నరకాన్ని దేవుని నుంచి మనిషి తనను తాను శాశ్వతంగా వెలివేసుకున్న స్థితిగా చెబుతుంది. లూకా 16లో ధనవంతుడు, లాజరు కథను ఈ కళ్లతో నెమ్మదిగా చదవండి. ధనవంతుడు యాతనలో ఉన్నాడు. ఎదురుగా లాజరు, బతికుండగా తన గుమ్మం ముందు కురుపులతో పడి ఉన్నవాడు. అతని పేరు కూడా ధనవంతుడికి తెలుసు. అయినా ఒక్క మాట అతనితో మాట్లాడడు. అబ్రాహాముతో అంటాడు, లాజరును పంపించు, వేలు తడిపి నా నాలుక చల్లార్చమను. తర్వాత, మా అన్నదమ్ముల ఇంటికి పంపించు. నరకంలో కూడా లాజరు అతనికి పనివాడే. క్షమించమని అడగడు, నీ పట్ల ఇలా చేశానే అని ఒక్క ముక్క రాదు. మంటలు కాల్చినా మనిషి మారలేదు. ఇది ఉపమానమే, నరకపు భౌగోళిక పటం కాదు. కానీ తలుపు ఎందుకు మూసుకుపోతుందో ఇంతకన్నా బాగా చూపించిన చోటు నాకు తెలియదు.

ఇదొక్కటే క్రైస్తవ అభిప్రాయం అనుకోవద్దు. దుష్టులు చివరికి లేకుండా పోతారు, నిత్యమైనది ఆ నాశనపు ఫలితమే తప్ప అనుభవించే బాధ కాదు అనేవాళ్లున్నారు. ఆత్మనూ దేహాన్నీ నరకంలో నశింపజేయగలవానికి భయపడండి అన్న యేసు మాట, అగ్నిగుండాన్ని ‘రెండవ మరణం’ అన్న ప్రకటన గ్రంథం మాట వాళ్లకు ఆధారం. సెవెంత్‌డే అడ్వెంటిస్టులకు ఇది అధికారిక బోధ. ఆంగ్లికన్ ఇవాంజెలికల్ బోధకుడు జాన్ స్టాట్ కూడా 1988లో, జాగ్రత్తగానే అయినా, అటు మొగ్గు చూపాడు. చివరికి దేవుడు అందరినీ బాగుచేస్తాడనే మూడో పాయ కూడా పాతదే. 3వ శతాబ్దంలో ఓరిజెన్, 4వ శతాబ్దంలో నిస్సా గ్రెగరీ అనే సంఘ పండితులు అలా బోధించారు. 543లో జస్టీనియన్ చక్రవర్తి శాసనం ఓరిజెన్ బోధను ఖండించింది. గ్రెగరీని మాత్రం తూర్పూ పడమరా రెండూ నేటికీ పునీతుడిగానే గౌరవిస్తాయి. ఈ తేడాకు సంఘం ఇప్పటికీ సరిగ్గా సంజాయిషీ చెప్పుకోలేదు, అది వేరే కథ. 7వ శతాబ్దపు సన్యాసి నినెవే ఇస్సాకు, నరకంలో ఉన్నవాళ్లను కొట్టే కొరడా ప్రేమే అన్నాడు. ప్రేమకు ద్రోహం చేశామన్న బాధ మిగతా బాధలన్నిటినీ మించుతుందట.

నా మటుకు నాకు, మనిషి చివరిదాకా కాదనే అవకాశం నిజమైనది. దాన్ని కొట్టేస్తే ధనవంతుడి కథకు అర్థం లేదు. ఆ ‘కాదు’ను ఎంతమంది అంటారో నాకు తెలియదు, ఎవరూ అనకూడదని కోరుకుంటాను. శిక్ష అందరికీ ఒకే కొలత కాదన్న సంగతి మాత్రం మూడు పాయలవాళ్లూ ఒప్పుకోవాలి. తెలిసి తప్పు చేసినవాడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేసినవాడికి తక్కువ అని లూకా 12లో యేసే అన్నాడు.

ఆఖరి ఘడియలో మారినవాడి సంగతికొస్తే, అందరూ ఎత్తేది యేసు పక్కన సిలువ వేయబడ్డ దొంగ పేరు. అతను ఏమన్నాడో మాత్రం ఎక్కువమంది గమనించరు. ఇంకో నేరస్థుడు ‘నిన్ను నువ్వు రక్షించుకో, మమ్మల్నీ రక్షించు’ అన్నాడు, అంటే సిలువ మీంచి దింపమని. ఇతను దింపమనలేదు. మన శిక్ష మనకు న్యాయమే, చేసినదానికి తగిన ఫలమే అనుభవిస్తున్నాం అన్నాడు. ఆ తర్వాతే ‘నన్ను జ్ఞాపకము చేసికొనుము’ అన్నాడు. న్యాయాన్ని తప్పించుకున్నవాడు కాదతను, ముందు న్యాయాన్ని ఒప్పుకున్నవాడు. మారుమనస్సు అంటే ఇది. చావు భయంతో పెదవి మీద ఒక వాక్యం పలకడం వేరు, ఆ తేడా మనుషులకు తెలియకపోయినా తీర్పరికి తెలుసు.

మీ అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది: మరి అతని చేతిలో నష్టపోయినవాళ్ల సంగతి? క్షమ అంటే ఏమీ జరగలేదనడం కాదు. అప్పు మాఫీ చేస్తే నష్టం మాయమవదు, మాఫీ చేసినవాడి మీద పడుతుంది. సిలువ గురించి క్రైస్తవులు చెప్పేది అదే, ఆ లెక్క దేవుడే తన ఒంటి మీద వేసుకున్నాడని. అంతమాత్రాన మారినవాడు చేతులు దులుపుకుని కూర్చోడు. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. తిరిగివ్వడానికి సమయం లేకుండా చనిపోతే? కతోలికులు ఉత్తరించు స్థలం (మరణం తర్వాత ఆత్మ శుద్ధి పొందే స్థితి) గురించి చెప్పేది ఇలాంటిచోటే. ఫ్లోరెన్స్, ట్రెంట్ మహాసభలు దాన్ని ధ్రువపరిచాయి, ప్రొటెస్టెంట్లు ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాళ్ల చేతిలోని బైబిల్లో కూడా, పని కాలిపోయి తాను మాత్రం ‘అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు’ రక్షింపబడే మనిషి గురించి పౌలు రాసిన వాక్యం ఉంది. హంతకుడు తాను చంపినవాడి ముఖం చూడకుండానే పరలోకంలో హాయిగా ఉంటాడని నేననుకోను.

ఇప్పుడు మీ నాన్నగారు. ఇందులో కఠినమైన పక్షం ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పను. ‘నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు’ అన్నది యేసు మాటే. 1646 నాటి ప్రొటెస్టెంట్ వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన, క్రైస్తవ మతాన్ని అంగీకరించనివాళ్లు తమకు తెలిసిన వెలుగులో ఎంత శ్రద్ధగా నడుచుకున్నా రక్షణ పొందలేరని రాసింది. మీ సంఘపు పెద్దమనిషి పుట్టింది ఆ సంప్రదాయంలోనే అయి ఉండొచ్చు. కానీ రక్షణ క్రీస్తు ద్వారానే అనడం ఒకటి, క్రీస్తు పేరు తెలిసినవాళ్లకే అనడం ఇంకొకటి. అబ్రాహాముకు ఆ పేరు తెలియదు. యోబు ఇశ్రాయేలీయుడు కూడా కాడు. 2వ శతాబ్దంలోనే క్రైస్తవ తత్వవేత్త జస్టిన్, దేవుని వాక్కును అనుసరించి బతికిన సోక్రటీస్ లాంటివాళ్లు క్రైస్తవులేనన్నాడు, రోమా దేవతలకు బలి ఇవ్వనన్నందుకు పాలకులు తన తల తీయించడానికి ముందు. ధర్మశాస్త్రం లేని అన్యజనుల మనస్సాక్షి కూడా తీర్పు దినాన సాక్ష్యమిస్తుందని రోమా పత్రిక 2వ అధ్యాయం. తమ తప్పు లేకుండా సువార్త తెలియక, చిత్తశుద్ధితో దేవుణ్ణి వెతికి మనస్సాక్షి ప్రకారం నడిచినవాళ్లు రక్షణ పొందగలరని 1964లో రెండో వాటికన్ మహాసభ స్పష్టంగా చెప్పింది.

తూర్పు సంఘాలు ఇదే మాట బొమ్మగా గీశాయి. ఇస్తాంబుల్‌లోని ఇప్పుడు మసీదుగా మారిన ఖోరా చర్చిలో 14వ శతాబ్దం తొలినాళ్ల కుడ్యచిత్రం ఉంది. క్రీస్తు పాతాళంలోకి దిగాడు. కాళ్ల కింద విరిగిన తలుపులు, చెల్లాచెదురైన తాళాలు, గడియలు. ఒక చేత్తో ఆదామును, ఇంకో చేత్తో హవ్వను సమాధుల్లోంచి లాగుతున్నాడు. ఆయన పట్టుకున్నది వాళ్ల మణికట్టును. వాళ్లు ఆయన్ని పట్టుకోలేదు, ఆ శక్తి వాళ్లకు లేదు. చెరలో ఉన్న ఆత్మలకు ఆయన ప్రకటించాడన్న పేతురు మొదటి పత్రిక మాటకు, అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో ‘అదృశ్యలోకములోనికి దిగెను’ అన్న వాక్యానికి ఇది చిత్రరూపం. మరణం తర్వాత కూడా అవకాశం ఉందని దీన్నుంచి సిద్ధాంతం చేయలేం. చాలామంది ఒప్పుకోరు. క్రీస్తు వెళ్లలేని చోటు లేదన్నంతవరకు మాత్రం ఎవరూ కాదనలేరు.

మీ నాన్నగారు చర్చి గుమ్మం ఎక్కకపోవడానికి కారణం అక్కడి మనుషుల ప్రవర్తనేనని మీరే రాశారు. మత్తయి 23లో యేసు మతపెద్దలతో, మీరు మనుషుల ముఖం మీదే పరలోకరాజ్యపు తలుపు మూస్తున్నారు అంటాడు. కోపం ఆ తలుపు మూసినవాళ్ల మీద, బయట మిగిలిపోయినవాళ్ల మీద కాదు. మీ నాన్నగారు పరలోకంలో ఉన్నారని మీకు మాటివ్వలేను. ఇస్తే నేనూ ఆ పెద్దమనిషి కుర్చీలోనే కూర్చున్నట్టు. మత్తయి 25లోని తీర్పు దృశ్యంలో మాత్రం గొర్రెలూ మేకలూ అని విడదీసిన రెండు గుంపులూ ఆశ్చర్యపోతాయి. ‘ప్రభువా, నిన్నెప్పుడు చూశాం’ అని కుడివైపువాళ్లే ముందు అడుగుతారు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినప్పుడు అది ఎవరికి పెట్టామో వాళ్లకు తెలియదు.

ప్రార్థన విషయానికి సంఘాన్ని బట్టి సమాధానం మారుతుంది. కతోలికులు మృతుల కోసం పూజ చేయిస్తారు, నవంబరు 2 ప్రత్యేకంగా దానికే. ఆర్థడాక్స్ సంఘాలు ఉత్తరించు స్థలాన్ని నమ్మవు గానీ మృతుల కోసం ప్రార్థిస్తాయి. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది చేయరు, చనిపోయినవాడి స్థితి మన ప్రార్థనతో మారదన్నది వాళ్ల కారణం. మీ సంఘం ఆ పక్షమైతే, ఆరాధనలో ఆయన పేరు చదవమని అడిగి గొడవ పడకండి. మీ గదిలో మీరు ఆయన బతుకు కోసం కృతజ్ఞతలు చెప్పుకుని, ఆయన్ని దేవుని చేతికి అప్పగించడాన్ని ఏ సంఘమూ తప్పు పట్టదు. మాటలు దొరక్కపోతే ఆదికాండం 18:25 ఉంది. తనవాళ్లు కాని సొదొమ ప్రజల కోసం అబ్రాహాము దేవుడితో బేరమాడుతూ అన్నది: ‘సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?’ దేవుడు దానికి కోప్పడలేదు, ఆరుసార్లు అడిగితే ఆరుసార్లూ జవాబిచ్చాడు.